మాటకు ముందు నడిచే అక్షరం: లుగాండా నామవర్గాల చరిత్ర

తూర్పు ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు ఉత్తర, వాయవ్య తీరాలను ఆనుకొని బుగాండా అనే పాత రాజ్యం ఉంది. ఆ రాజ్యానికి చెందిన ఒక మనిషిని ముగాండా అనీ, పలువురిని బగాండా అనీ, వారి భాషను లుగాండా అనీ, వారి ఆచారవ్యవహారాల తీరును కిగాండా అనీ అంటారు. ‘గాండా’ అనే ప్రాతిపదిక ఉన్నచోటే నిలిచి ఉండగా, దానికి ముందు చేరిన ఒక్కొక్క అక్షరం మనిషిని, జనాన్ని, భాషను, సంస్కృతిని, దేశాన్ని విడివిడిగా చూపుతుంది. ఈ రాజ్యం పేరే నేటి ఉగాండా దేశానికి పేరైంది గాని, దేశం పేరులో మొదటి బకారం లేదు. అది ఎక్కడ జారిపోయిందో తెలియాలంటే లుగాండాలో పదాదిని నిలిచే అక్షరానికి ఉన్న విలువను, బయటివారు ఆ విలువను మెల్లమెల్లగా గుర్తించిన క్రమాన్ని, చివరకు బగాండాలే తమ వ్యాకరణం గురించి కలం పట్టిన తీరును వరుసగా తెలుసుకోవలసి ఉంటుంది.

నామవర్గం అంటే భాషలోని నామవాచకాలన్నిటినీ కొన్ని కట్టలుగా విడదీసే ఏర్పాటు. తెలుగువారికి ఇది పూర్తిగా కొత్త సంగతి కాదు. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో పరవస్తు చిన్నయసూరి పురుషులను చెప్పే మాటలను మహత్తులనీ, స్త్రీలను చెప్పేవాటిని మహతీవాచకాలనీ, తక్కినవాటిని అమహత్తులనీ వ్యవహరించాడు. అతడు వచ్చాడు, అది వచ్చింది అనే వాక్యాలలో క్రియ చివరి భాగం ఈ విభజనను అనుసరించే మారుతుంది. ముగ్గురు మనుషులు అనీ, మూడు పుస్తకాలు అనీ వేరువేరుగా లెక్కించడంలోనూ ఇటువంటి విభజనే పనిచేస్తుంది. రాముడు, వృక్షము, ధేనువు అనే మాటల చివర నిలిచే డు, ము, వు అనే ప్రథమా విభక్తి ప్రత్యయాలు కూడా కొంతమేరకు మాట జాతిని తెలుపుతాయి. తెలుగులో మాట చివర జరిగే ఈ పని లుగాండాలో మాట మొదట జరుగుతుంది. తెలుగులో రెండు మూడు వర్గాలతో ముగిసే విభజన అక్కడ, ఏకవచన బహువచనాలను విడివిడిగా లెక్కిస్తే, ఇరవై దాకా సాగుతుంది. స్త్రీపురుష భేదానికి మాత్రం అందులో చోటు లేదు. ‘అగెండా’ అనే క్రియకు అతడు వెళ్తున్నాడనీ, ఆమె వెళ్తున్నదనీ రెండర్థాలూ సమానంగా చెల్లుతాయి.

ఈ వర్గాల స్వభావం ఒక్క ప్రాతిపదికను అనేక వర్గాలలో నిలిపి చూస్తే తేటపడుతుంది. ఒముంటు అంటే మనిషి, అబంటు అంటే మనుషులు. ఎకింటు అంటే వస్తువు, ఎబింటు అంటే వస్తువులు. అకంటు అంటే చిన్న వస్తువు. ఒబుంటు అంటే ఒక అర్థంలో చిన్న వస్తువులు, మరొక అర్థంలో మనిషితనం. అవంటు అంటే చోటు. ము, బ, కి, బి, క, బు, వ అనేవి ఇక్కడ వర్గాన్ని తెలిపే ఉపసర్గలు, అంటే ప్రాతిపదికకు ముందు చేరే భాగాలు. వాటికీ ముందు నిలిచిన ఒ, అ, ఎ అనే అచ్చును ఆద్యస్వరం అనవచ్చు. అది కొన్ని సందర్భాలలో లోపిస్తుంది. ‘సిరబా ముంటు’ అంటే ‘నాకు ఏ మనిషీ కనబడటం లేదు’ అని అర్థం. వ్యతిరేకార్థక క్రియ తరువాత వచ్చింది కాబట్టి ఒముంటులోని ఒకారం తొలగి ముంటు మాత్రమే మిగిలింది.

మనుషులకు ము, బ అనే జంట ఉన్నట్లే చెట్లకూ మరెన్నో వస్తువులకూ ము, మి అనే జంట ఉంది; ఒముటి అంటే చెట్టు, ఎమిటి అంటే చెట్లు. నాలుకకూ భాషకూ ఒకే మాటైన ఒలులిమి ‘లు’ వర్గానికి చెందుతుంది. లుగాండా అనే పేరులోని లుకారం అదే. తినడం, వెళ్ళడం వంటి క్రియానామాలు ‘కు’ వర్గంలో ఒకుల్యా, ఒకుగెండా అని నిలుస్తాయి. జంతువుల పేర్లు ఎక్కువగా చేరే వర్గంలో ఏకవచనానికీ బహువచనానికీ రూపం ఒక్కటే: ఎంబ్వా అంటే ఒక కుక్క కావచ్చు, పది కుక్కలు కావచ్చు. ఎన్నో చెప్పే భారం అప్పుడు క్రియ మీద పడుతుంది. ‘ఎంబ్వా ఎరుమా’ అంటే కుక్క కరుస్తుందని, ‘ఎంబ్వా జిరుమా’ అంటే కుక్కలు కరుస్తాయని అర్థం.

వర్గభేదం వాక్యమంతటా వ్యాపించడాన్ని అన్వయం అంటారు. అంటే కర్తకున్న గుర్తును విశేషణం, సంఖ్య, నిర్దేశపదం, క్రియ అన్నీ తమ తలపై ధరించడం. ‘ఈ ముగ్గురు పిల్లలు పడ్డారు’ అనడానికి ‘అబానా బనో బసటు బగుడ్డె’ అంటారు; ‘ఈ మూడు పుస్తకాలు పడ్డాయి’ అనడానికి ‘ఎబిటబో బినో బిసటు బిగుడ్డె’ అంటారు. మొదటి వాక్యంలో ప్రతి మాటలోనూ బకారం, రెండవ వాక్యంలో ప్రతి మాటలోనూ బికారం వినిపిస్తాయి. ఈ గుర్తు అన్ని వర్గాలలోనూ ఒకే రూపంలో ఉండదు; ఒముటి అనే మాటలోని ‘ము’కు క్రియలో జవాబిచ్చేది ‘గు’ కాబట్టి, ‘పెద్ద చెట్టు పడిపోయింది’ అనడానికి ‘ఒముటి ఒమునెనే గుగుడ్డె’ అనీ, చెట్లు అనేకమైతే ‘ఎమిటి ఎమినెనే గిగుడ్డె’ అనీ చెప్పాలి. సంఖ్యల విషయంలో ఒకటి నుంచి అయిదు వరకే ఈ అన్వయం ఉంటుంది; ఆరు మొదలు పైసంఖ్యలు ఏ వర్గం ముందు నిలిచినా మారవు.

ఈ ఏర్పాటు బుగాండాలో పుట్టింది కాదు, ఆ రాజ్యం కన్న ఎంతో పాతది. నైజీరియా, కామెరూన్ దేశాల నేటి సరిహద్దు ప్రాంతంలో సుమారు 4 వేల నుంచి 5 వేల సంవత్సరాల కిందట మాట్లాడిన ఒక మూలభాష, వ్యవసాయం చేసే జనంతో పాటు తూర్పుకూ దక్షిణానికీ తరతరాలుగా వ్యాపించి, సుమారు 500 భాషలుగా చీలిపోయింది. వీటన్నిటినీ కలిపి నేడు బంటూ భాషలు అంటున్నారు. తెలుగులో సేవకుడిని, భటుడిని తెలిపే బంటు అనే మాటకూ దీనికీ సంబంధం లేదు; ఇది మనుషులు అనే అర్థం గల అబంటు వంటి రూపాల నుంచి పండితులు కల్పించుకున్న కుటుంబనామం. వేల మైళ్ళ దూరాన విడిపోయిన ఈ భాషలలో మాటలు మారాయి, ధ్వనులు మారాయి. మనిషికి ము, మనుషులకు బ లేదా వ, వస్తువుకు కి అనే మొదటి అక్షరాలు మాత్రం గుర్తుపట్టగలిగినంత దగ్గరగానే నిలిచాయి. ఎక్కువ అరిగిపోవలసిన చిన్న అక్షరమే ఎక్కువ కాలం బతికింది. వాక్యంలోని ప్రతి మాటా దాన్ని తిరిగి పలకవలసి రావడమే అందుకు ఒక కారణమని భావించడం సమంజసం.

ఐరోపా పండితులకు ఈ అక్షరం వెంటనే అర్థం కాలేదు. లాటిన్ వ్యాకరణంలో పెరిగినవారు నామం చివర విభక్తులను, స్త్రీపురుష నపుంసక లింగాలను వెదికారు. ఈ భాషలలో ఆ రెండూ వారికి దొరకలేదు. ఇటలీకి చెందిన బ్రూషోట్టో అనే క్రైస్తవ సన్యాసి 1659లో రోమ్ నగరంలో అచ్చువేయించిన కాంగో భాషా వ్యాకరణంలో, నామాలను వాటి మొదళ్ళను బట్టి విభజించాలని గుర్తించడం ఈ చరిత్రలో తొలి మలుపు. తరువాత దక్షిణాఫ్రికాలో ఖోసా భాషకు 1834లో వ్యాకరణం రాసిన విలియం బాయిస్, వాక్యమంతటా ఒకే ధ్వని మళ్ళీ మళ్ళీ రావడాన్ని చెవికి ఇంపైన పొందికగా పేర్కొన్నాడు. ఆ పేరు గమనింపును చూపుతుంది గాని, పూర్తి అవగాహనను చూపదు. ఆ ధ్వని ఆవృత్తి ఇంపు కోసం ఏర్పడిన అలంకారం కాదు, ఏ మాట ఏ మాటకు చెందుతుందో చెప్పే కట్టు.

ఆ కట్టును భాషాకుటుంబమంతటికీ లక్షణంగా నిరూపించినవాడు జర్మనీలో పుట్టి కేప్‌టౌన్‌లో గ్రంథాలయాధికారిగా పనిచేసిన విల్హెల్మ్ బ్లీక్. దక్షిణ భారత భాషలను ద్రావిడ కుటుంబంగా వివరించిన కాల్డ్వెల్ గ్రంథం 1856లో వెలువడిన కొద్ది సంవత్సరాలకే, 1862లో బ్లీక్ దక్షిణాఫ్రికా భాషల తులనాత్మక వ్యాకరణపు మొదటి భాగం అచ్చయింది. బంటూ అనే పేరును కుటుంబనామంగా స్థిరపరచినవాడూ ఆయనే. నామవర్గాలకు వరుస సంఖ్యలు ఇచ్చే పద్ధతిని బ్లీక్ ప్రారంభించగా, కార్ల్ మైన్‌హోఫ్ అనే భాషాశాస్త్రవేత్త 1899లోనూ 1906లోనూ వెలువరించిన గ్రంథాలలో దాన్ని విస్తరించాడు. మనుషుల ఏకవచనం 1, బహువచనం 2, చెట్ల ఏకవచనం 3 అనే ఆ లెక్కనే నేటికీ బంటూ పండితులు వాడుతున్నారు.

బ్లీక్ గ్రంథం అచ్చయిన 1862వ సంవత్సరంలోనే ఆంగ్లేయ యాత్రికుడు జాన్ స్పీక్ బుగాండా రాజైన ముటేసా కొలువుకు చేరాడు. బుగాండా రాజును కబాకా అంటారు. స్పీక్‌కు లుగాండా రాదు. అతని వెంట ఉన్న సిదీ ముబారక్ బాంబే అనే ఆఫ్రికన్, బానిసగా అమ్ముడై కొంతకాలం భారతదేశంలో జీవించినవాడు కావడంతో, ఆ ఇద్దరూ హిందుస్తానీలో మాట్లాడుకొనేవారు. సముద్రతీరం నుంచి వర్తకుల బిడారులు నడిచే దారి పొడవునా స్వాహిలీయే వ్యవహారభాష. స్వాహిలీ కూడా బంటూ భాషే గాని, దేశాలను తెలిపే వర్గానికి అందులో బు అరిగిపోయి ఉ మాత్రమే మిగిలింది. మనుషుల బహువచనంలో బ స్థానంలో వ నిలిచింది. అందువల్ల బుగాండా ఉగాండాగా, బగాండా వగాండాగా స్పీక్ పుస్తకంలోకీ, దాని ద్వారా ఐరోపా పటాలలోకీ ఎక్కాయి. 1894లో బ్రిటిష్ ప్రభుత్వం తన రక్షిత రాజ్యాన్ని ప్రకటించినప్పుడు ఈ స్వాహిలీ రూపమే అధికారనామమైంది. పొరుగుభాష ఉపసర్గతో పిలవబడిన రాజ్యం పేరు, తరువాత ఆ రాజ్యం కన్న ఎంతో పెద్దదైన దేశానికి స్థిరపడిపోయింది.

లుగాండాను లుగాండాగానే విని రాయడం మతప్రచారకులతో మొదలైంది. ఆంగ్లికన్ ప్రచారకులు 1877లోనూ, శ్వేతపితరులు అనే పేరుగల ఫ్రెంచ్ కాథలిక్ సంఘంవారు 1879లోనూ ముటేసా రాజధానికి చేరారు. ఆంగ్లికన్ ప్రచారకుడు చార్లెస్ విల్సన్ 1882లో లండన్‌లో ఒక స్థూల వ్యాకరణాన్ని వెలువరించాడు. కాథలిక్ ప్రచారకుడు లివినాక్ రాసిన వ్యాకరణం 1885లో పారిస్‌లో అచ్చయింది. ఫ్రెంచివారు తమ పుస్తకం పేరులో భాషను రుగాండా అని రాయడం గమనించదగినది. లుగాండాలో లకార రేఫలు రెండు వేరు ధ్వనులు కావు. ఇ, ఎ అనే అచ్చుల తరువాత రేఫం, తక్కిన చోట్ల లకారం నేడు రాతలో పాటిస్తున్న నియమం. ‘లబా’ అంటే చూడు అయినప్పటికీ, ‘సిరబా’ అన్నప్పుడు రేఫం కనిపించడానికి ఇదే కారణం. వర్గపు అక్షరాన్ని సరిగా వినడమే కాదు, ఆ అక్షరం ప్రాతిపదికతో కలిసినప్పుడు కలిగే మార్పులను వినడం కూడా ఆ తొలితరానికి పరీక్షగానే నిలిచింది.

కేంబ్రిడ్జిలో ప్రాచీన భాషలు చదివిన జార్జ్ పిల్కింగ్టన్ 1892లో లుగాండా కరదీపికను వెలువరించాడు. ఆయన హెన్రీ రైట్ డుటా కిటాకులే అనే ముగాండా పండితుని తోడ్పాటుతో పూర్తి చేసిన బైబిల్ అనువాదం 1896లో అచ్చులోకి వచ్చింది. చెదపురుగుల బారి నుంచి కాపాడుకొనేందుకు బిస్కెట్ల రేకు డబ్బాలో ఇమిడేట్లు దాన్ని పొట్టిగా, లావుగా అచ్చువేశారని ప్రసిద్ధి. క్రైస్తవాన్ని స్వీకరించినవారిని ఆ రోజుల్లో బసోమి, అంటే చదివేవారు, అని పిలిచేవారు. మతం మారడమూ చదువు నేర్వడమూ ఒకటిగా సాగాయని ఆ మాటే సాక్ష్యం చెబుతుంది.

చదివేవారి చేతిలోని పుస్తకం పేరు కూడా వర్గచరిత్రలో ఒక అధ్యాయమే. అరబ్బీలోని కితాబ్ అనే మాట తెలుగులోకి వచ్చి చివర ఉకారం చేర్చుకొని కితాబు అయింది. అదే మాట స్వాహిలీ మీదుగా లుగాండాకు చేరినప్పుడు, అక్కడివారి చెవికి అందులోని మొదటి కికారం ప్రాతిపదికలో భాగంగా కాక, వస్తువులను తెలిపే వర్గపు ఉపసర్గగా వినిపించింది. పుస్తకం ఎకిటబో అయినప్పుడు పుస్తకాలు ఎబిటబో కావడం, చిన్న పుస్తకం అకటబో కావడం సహజంగానే జరిగిపోయాయి. అరబ్బీ ధాతువులోని మొదటి హల్లును విడదీసి, మిగిలిన ‘టబో’ను ప్రాతిపదికగా మార్చుకోవడంలో, పరాయి మాటను తనదిగా చేసుకొనే శక్తి ఆ భాషకు ఎంత ఉందో వెల్లడవుతుంది.

చదువు నేర్చిన బగాండాలు త్వరలోనే రచయితలయ్యారు. 1889 నుంచి 1926 వరకు కటికీరో, అంటే ప్రధానమంత్రి, పదవిలో ఉన్న అపోలో కగ్వా 1901లో ‘ఎకిటబో క్యా బసెకబాకా బె బుగాండా’ అనే రాజవంశచరిత్రను, 1912లో ‘ఎకిటబో క్యె బికా బ్యా బగాండా’ అనే కుల, గోత్రాల వంటి వంశశాఖల చరిత్రను ప్రకటించాడు. ఆ పేర్లే వ్యాకరణ పాఠాలు. తెలుగులో యొక్క అనో, షష్ఠీ విభక్తి అనో చెప్పే సంబంధాన్ని లుగాండాలో చెప్పే చిన్న పదం, తనకు ముందున్న నామపు వర్గాన్ని అనుసరిస్తుంది. పుస్తకానికి సంబంధించి క్యా లేదా క్యె, గతించిన రాజులకు సంబంధించి బె, వంశశాఖలకు సంబంధించి బ్యా అని అది రూపం మార్చుకొంటూ, ఏది దేనికి చెందుతుందో సందేహం లేకుండా చెబుతుంది.

తొలి వ్యాకరణాలు ఐరోపావారి అవసరం కోసం పుట్టినవి కాగా, ఇరవయ్యవ శతాబ్దం మధ్యలో బాధ్యత చేతులు మారింది. కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ వేరువేరుగా రాస్తూ వచ్చిన వర్ణక్రమాన్ని 1947లో జరిగిన సమావేశం ఒక ప్రమాణానికి తెచ్చింది. దీర్ఘాచ్చులకూ ద్విత్వ హల్లులకూ నిలకడైన రాత ఏర్పడింది. 1954లో వెలువడిన ప్రామాణిక లుగాండా వ్యాకరణంపై ఆష్టన్, టక్కర్ అనే ఐరోపా పండితులతో పాటు ములీరా, న్డవులా అనే గాండా పండితుల పేర్లు సమానంగా కనిపిస్తాయి. డుటా వంటి తొలితరం వారు సహాయకులుగా మిగిలిపోయిన చోట, వారి తరువాతివారు గ్రంథకర్తలయ్యారు. నామవర్గాన్ని లుగాండాలో ఒలుబు అంటారు; అక్కడి పాఠ్యపుస్తకాలు మైన్‌హోఫ్ అంకెలకు బదులు ము-బ, కి-బి అని ఉపసర్గల జంటలతోనే వర్గాలను పిలుస్తాయి. ఆ పద్ధతిలో వర్గాన్ని తలచుకోవడమూ దాన్ని పలకడమూ ఒకటే అవుతుంది.

ఈ తరాల కృషితో వెలుగులోకి వచ్చిన సూక్ష్మాలు, వర్గవిభజన యాంత్రికం కాదని నిరూపించాయి. కబాకా, కటికీరో అనే మాటలు కకారంతో మొదలవుతాయి. క అనేది చిన్న వస్తువుల ఉపసర్గ. అయినా ఆ మాటలకు క్రియ మనుషుల వర్గాన్ని అనుసరించి అకారంతోనే వస్తుంది, బహువచనం బకబాకా అని బకారంతోనే ఏర్పడుతుంది. ఇక్కడ ధ్వని కన్న మనిషన్న అర్థమే గెలిచింది. మరొకచోట వక్త ఇష్టమే వర్గాన్ని మారుస్తుంది: ఒముసజ్జా అంటే పురుషుడు, అదే మాటను అకసజ్జా అంటే చిన్నపాటి మనిషి, ఒగుసజ్జా అంటే భారీగా, వికారంగా ఉన్న మనిషి. ఏడ్చే పిల్లవాడిని ‘ఒమ్వానా అకాబా’ అనవచ్చు. పసివాడని చెప్పదలచుకొంటే ‘అకానా కకాబా’ అనాలి, క్రియ కూడా ఆ చిన్నదనాన్ని మోస్తుంది.

వేరువేరు వర్గాల కర్తలు ఒకే క్రియకు చేరినప్పుడు ఏ గుర్తు నిలవాలన్న సమస్యను టాల్మీ గివోన్ అనే భాషాశాస్త్రవేత్త 1970లో బంటూ భాషలను ఆధారం చేసుకొని చర్చించాడు. మనుషులైతే, వారి మాటలు ఏ వర్గంలో ఉన్నా, క్రియకు బకారం వస్తుంది. మనుషులు కానివైతే వస్తువుల బహువచనమైన బికారం వస్తుంది. పుస్తకమూ కర్రా కలిసి పడితే ‘ఎకిటబో నొముగ్గో బిగుడ్డె’ అంటారు. అందులో క్రియ మీది బి పుస్తకానికీ చెందదు, కర్రకూ చెందదు, ఆ రెంటినీ కలిపే వస్తుత్వానికి చెందుతుంది. చోటు కూడా కర్త కాగలదు. ‘ఇంట్లో మనుషులున్నారు’ అన్నప్పుడు తెలుగులో క్రియ మనుషులను అనుసరిస్తుంది. ‘ము న్యుంబా ములిము అబంటు’ అనే లుగాండా వాక్యంలో క్రియ లోపల అనే అర్థమిచ్చే ముకారాన్ని అనుసరిస్తుంది. ఇల్లే తన లోపలివారిని గురించి చెబుతున్నట్లు ఉంటుంది ఆ వాక్యం.

2014 జనాభా లెక్కలలో బగాండాల సంఖ్య 55 లక్షలు దాటింది. కంపాలా వీధులలోనూ సంతలలోనూ ఇతర జాతులవారు కూడా లుగాండా మాట్లాడతారు. కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ, ప్రతి వస్తువుకూ ఆ భాష ఒక వర్గాన్ని చూపి చోటిస్తూనే ఉంది. ఐరోపావాడు ఒముజుంగు అయ్యాడు, ఐరోపావారు అబజుంగు అయ్యారు. 1896లో మొదలైన ఉగాండా రైలుమార్గ నిర్మాణానికి భారతదేశం నుంచి 30 వేలకు పైగా కూలీలు తూర్పు ఆఫ్రికాకు చేరారు, వారి వెనుక వర్తకులూ వచ్చారు. లుగాండాలో భారతీయుడు ఒముయిండి, భారతీయులు అబయిండి, భారతదేశం బుయిండి. ప్రపంచపటం మీద దేశం పేరులో బుగాండా పోగొట్టుకున్న ఆ ‘బు’ను, లుగాండా సముద్రానికి ఆవలనున్న మరొక దేశానికి తన వాడుక ప్రకారం ఇచ్చింది. ఎవరి పటంలో ఏ పేరు అచ్చయినా, పలికేవారి నోట ఆ అక్షరం మాటకు ముందే నడుస్తున్నది.